తెలుగు క్షుద్ర నవల: ‘తులసిదళం’, ‘తులసి’, వాటి రూపాంతరాలు

క్షుద్ర నవల అంటే చేతబడి, బాణామతి, చిల్లంగి, ఆత్మల ఆవాహన వంటి అతీంద్రియ విషయాలను ఆధునిక జీవన నేపథ్యంలో నిలిపి, ఉత్కంఠ ప్రధానంగా నడిపే తెలుగు జనప్రియ నవల. 1980వ దశకంలో వారపత్రికల ధారావాహికగా ఇది స్థిరపడింది. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ‘తులసిదళం’, దాని కొనసాగింపు ‘తులసి’ ఈ శాఖకు ప్రాతినిధ్య రచనలు. ఈ రెండు నవలల నుంచి కన్నడ, తెలుగు చలనచిత్రాలు వచ్చాయి. జపాన్‌లో లైట్ నవల అని పిలిచే యువజన ధారావాహికల్లో అతీంద్రియ శాఖకు తెలుగులో దగ్గరగా కనిపించేది ఈ రకమే. పత్రికలో విడతలుగా రావడం, బొమ్మలతో రావడం, చౌక పుస్తకంగా మారడం, ఆపైన తెరకెక్కడం రెండింటిలోనూ ఉన్నాయి. తేడాలు కూడా చిన్నవి కావు. వాటిని తగిన చోట పేర్కొనడం జరిగింది.

పేరు, పరిభాష

సంస్కృతంలో ‘క్షుద్ర’ అంటే చిన్నది, నీచమైనది. ఊరి పొలిమేరల్లో బలులందుకునే దేవతలను పండితులు క్షుద్రదేవతలన్నారు. ఇతరులకు కీడు చేసే మంత్రతంత్రాలు క్షుద్రవిద్యలయ్యాయి. ఆ విద్యలను ఇతివృత్తంగా తీసుకున్నది గనుక క్షుద్ర నవల అన్న పేరు వచ్చింది. అయితే విమర్శకుల చేతిలో ‘క్షుద్ర సాహిత్యం’ అన్న మాట వస్తువును చెప్పడంతో ఆగక విలువను కూడా నిర్ణయించింది. నీచమైన సాహిత్యం అన్న రెండో అర్థం దానికి వెంటనే అంటుకుంది. అందువల్ల ఈ మాట ఎదురైనప్పుడు అది వర్గీకరణగా వాడినదా, నిందగా వాడినదా అన్నది సందర్భాన్ని బట్టి చూడాలి. ఈ వ్యాసంలో వర్గీకరణగానే వాడడమైంది.

చెడుపు చేసే విద్యకు తెలుగు నేల మీద ప్రాంతానికొక పేరు ఉంది. చేతబడి అన్ని చోట్లా తెలిసిన మాట. తెలంగాణలో బాణామతి ఎక్కువగా వినబడుతుంది. కర్ణాటక, మహారాష్ట్రల్లోనూ ‘భానామతి’ అంటారు. ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల మన్యంలోనూ చిల్లంగి అంటారు. గాలి సోకడం, దెయ్యం పట్టడం, దిష్టి తగలడం వీటికంటే తేలికైన బాధలు. వాటికి విభూతి, తాయెత్తు, వేపమండ చాలునని నమ్మకం. చిల్లంగి అలా కాదు. అది ఒక మనిషి ఇంకొక మనిషి మీద కావాలని చేయించినదని నమ్ముతారు. నవలకు పనికొచ్చిన లక్షణం ఇదే. దెయ్యానికి కారణం ఉండనక్కర లేదు, చేతబడికి మాత్రం ఒక పగవాడు, ఒక లాభం, ఒక కూలి ఉండాలి. ఆ కారణంగా క్షుద్ర నవల దెయ్యం కథలా కాక అపరాధ పరిశోధన నవలలా నడుస్తుంది.

పూర్వరంగం

మాంత్రికుడు తెలుగు కథకు కొత్తవాడు కాడు. మధిర సుబ్బన్న దీక్షితులు సేకరించి రాసిన ‘కాశీమజిలీ కథలు’ నిండా మంత్రగాళ్లు, యక్షిణులు, పరకాయ ప్రవేశాలు కనిపిస్తాయి. 1951లో విజయా సంస్థ కె.వి. రెడ్డి దర్శకత్వంలో నిర్మించిన ‘పాతాళభైరవి’లో ఎస్.వి. రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుడి పాత్ర ఆ సంప్రదాయానికి తెరమీద స్థిరమైన ముఖాన్ని ఇచ్చింది. ఆ చిత్రాన్ని నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జులైలో ‘చందమామ’ను ప్రారంభించారు. ఆ పత్రికలో బేతాళ కథలతో పాటు దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు, ‘తోకచుక్క’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటివి, ఒక తరం పిల్లలకు నెలనెలా భయాన్నీ ఆశ్చర్యాన్నీ పంచిపెట్టాయి. వాటిలో చాలావాటికి చిత్రా వేసిన బొమ్మలు కథతో సమానంగా గుర్తుండిపోయాయి.

ఆ కథలన్నీ జరిగేది రాజులున్న కాలంలో, పేరు లేని దేశాల్లో. పాఠకుడు పుస్తకం మూస్తే మాంత్రికుడు కూడా అక్కడే ఆగిపోతాడు. 1980 నాటి క్షుద్ర నవల ఆ మాంత్రికుణ్ణి బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, కాన్వెంటు పిల్లలు ఉన్న హైదరాబాదు ఇంట్లోకి తీసుకొచ్చింది. భయం అక్కడి నుంచి పుట్టింది. ఇదే కాలానికి కాస్త ముందు అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ నవల ‘ది ఎక్సార్సిస్ట్’ (1971), దాని చిత్రరూపం (1973) ప్రపంచమంతటా చర్చకు వచ్చాయి. పసిపిల్లను పీడించే అదృశ్య శక్తి, నిస్సహాయులైన తల్లిదండ్రులు, ఒకే మంచం పక్కన నిలిచిన వైద్యుడు, మంత్రవేత్త అన్న అమరిక అప్పటికి పాఠకలోకానికి పరిచయమై ఉంది.

వారపత్రిక, ధారావాహిక

క్షుద్ర నవలను వారపత్రిక నుంచి విడదీసి చూడలేం. 1960, 70 దశకాల్లో తెలుగు పత్రికా ధారావాహికను ప్రధానంగా స్త్రీలు రాశారు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ఆధారంగా 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో చిత్రాలయ్యాయి. ముప్పాళ రంగనాయకమ్మ ‘బలిపీఠం’ 1975లో తెరకెక్కింది. ధారావాహిక నవల, ఆపైన పుస్తకం, ఆపైన సినిమా అన్న దారిని క్షుద్ర నవల కొత్తగా వేయలేదు. వేసి ఉన్న దారిలోనే నడిచింది. మారినది వస్తువు, దానితో పాటు పాఠకుడు. ప్రేమ, కుటుంబం చుట్టూ తిరిగిన ధారావాహికను ఇంట్లో స్త్రీలు ఎక్కువగా చదివితే, ఉత్కంఠ నవలను కాలేజీ కుర్రాళ్లు, ఉద్యోగులు కూడా వెతుక్కుని చదివారు.

పని జరిగే తీరు ఇది. రచయిత వారానికి కొన్ని పుటలు పంపుతాడు. చాలా సందర్భాల్లో నవల పూర్తికాకముందే అచ్చు మొదలవుతుంది. ప్రతి విడతా ఒక ప్రశ్న దగ్గర ఆగాలి. తలుపు ఎవరో తట్టారు, ఎవరో చెప్పలేదు, వచ్చేవారం. పాఠకుల ఉత్తరాలు పత్రికకు వస్తాయి, కొన్ని అచ్చవుతాయి, వాటి ప్రభావం తరవాతి విడతల మీద పడుతుంది. విడతకు ఒక బొమ్మ తప్పనిసరి. ఆ కాలపు పత్రికా చిత్రకారుల్లో బాపు, చంద్ర, బాలి వంటివారి పేర్లు పాఠకులకు రచయితల పేర్లతో సమానంగా తెలుసు.

ధారావాహిక ముగిశాక నవల పుస్తకంగా వస్తుంది. దాన్ని కొనేవారికంటే అద్దెకు తీసుకునేవారు ఎక్కువ. రోజుకింతని పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణాలు చిన్న పట్నాల్లో కూడా ఉండేవి. కొందరు వారపత్రిక నుంచి విడతల కాగితాలు చించి, వరసగా పెట్టి, దారంతో కుట్టి బైండు చేయించుకునేవారు. అలాంటి కుట్టు పుస్తకాలు పాత ఇళ్ల అటకల మీద ఇప్పటికీ దొరుకుతాయి. తెలుగు జనప్రియ నవల చరిత్ర రాయదలచిన వారికి గ్రంథాలయ జాబితాల కంటే అవి విలువైన ఆధారం. ఏ విడత ఎక్కడ ఆగిందో, పక్కన ఏ ప్రకటన ఉందో, ఏ బొమ్మ పడిందో వాటిలోనే మిగిలింది.

రచయిత

యండమూరి వీరేంద్రనాథ్ 1948 నవంబరు 14న తూర్పు గోదావరి జిల్లా రాజోలులో జన్మించాడు. వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. ఆర్థిక సంస్థలోనూ ఆంధ్రా బ్యాంకులోనూ ఉద్యోగం చేసి, తరవాత పూర్తికాలం రచయిత అయ్యాడు. నాటక రచనతో మొదట పేరు తెచ్చుకున్నాడు. లెక్కల చదువు అతని నవలల నిర్మాణంలో కనిపిస్తుంది. మొదట్లో అనవసరంగా తోచిన వివరం చివర్లో లెక్క సరిపెట్టడానికి పనికొస్తుంది. వైద్యం, చట్టం, వ్యాపారం వంటి రంగాల సమాచారాన్ని కథలో కలపడం అతని అలవాటు. ఆ సమాచారమే అతని క్షుద్ర నవలలకు నమ్మకాన్ని తెచ్చిపెట్టింది.

క్షుద్రేతర నవలల ద్వారా కూడా అతనికి సినిమాతో గాఢ సంబంధం ఏర్పడింది. ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో చిరంజీవి నటించిన ‘అభిలాష’ (1983), ‘ఛాలెంజ్’ (1984), ‘రాక్షసుడు’ (1986), ‘మరణ మృదంగం’ (1988) అతని నవలల ఆధారంగా వచ్చినవే. వీటిలో ‘ఛాలెంజ్’కు మూలం ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’. అతీంద్రియ వస్తువుతో రాసిన వాటిలో ‘తులసిదళం’, ‘తులసి’ కాక ‘అష్టావక్ర’ ముఖ్యం. తరవాతి కాలంలో ‘విజయానికి ఐదు మెట్లు’ వంటి వ్యక్తిత్వ వికాస గ్రంథాల వైపు మళ్లాడు.

తులసిదళం

1980వ దశకం మొదట్లో ‘ఆంధ్రభూమి’ సచిత్ర వారపత్రికలో ధారావాహికగా వెలువడింది. అప్పటి సంపాదకుడు సికరాజుగా పిలిచే సి. కనకాంబరరాజు. పత్రిక అమ్మకాలను గణనీయంగా పెంచిన ధారావాహికగా దీనికి పేరుంది.

శ్రీధర్, శారద దంపతుల కూతురు తులసి. ఆ పిల్లకు దక్కవలసిన ఆస్తి మీద కన్నేసిన వారు ఆమె అడ్డు తొలగించుకోవాలనుకుంటారు. కత్తి, విషం వంటి మార్గాలు పట్టుబడేవి గనుక చేతబడిని ఎంచుకుంటారు. కొండ ప్రాంతపు మాంత్రికుడు కాద్రా ఆ పని చేపడతాడు. తులసికి అంతుబట్టని జబ్బు మొదలవుతుంది. వైద్యులు ఒక్కొక్క పరీక్షా చేస్తూ పోతారు. ఇంకొక వైపు బొమ్మ, సూదులు, గడువు. ఏ రోజుకు ఏం జరుగుతుందో పాఠకుడికి ముందే తెలుసు, తల్లిదండ్రులకు తెలియదు. నవలలోని ఉత్కంఠ అంతా ఆ ఎడం మీదే ఆధారపడింది.

తండ్రి హేతువాది. ఆ ఎంపిక యాదృచ్ఛికం కాదు. నమ్మే మనిషి ఇంట్లో ఇదే జరిగితే కథ మంత్రగాడి దగ్గరికి వెళ్లడంతో ముగుస్తుంది. నమ్మనివాడు కూతురి ప్రాణం కోసం తన అవిశ్వాసాన్ని ఎంతవరకు నిలుపుకోగలడు అన్న ప్రశ్న నవలను వందల పుటలు నడిపించింది.

రెండు వివరణల నిర్మాణం

‘తులసిదళం’ రచనా విధానంలో అన్నిటికంటే గమనించవలసిన అంశం ఇది. నవల పొడుగునా ప్రతి సంఘటనకూ రెండు వివరణలు సాధ్యమయ్యేటట్టు రచయిత ఏర్పాటు చేశాడు. ఒక వివరణలో తులసి చేతబడి బాధితురాలు. రెండో వివరణలో ఆమెది మానసిక, శారీరక రుగ్మత, హిప్నాటిజం వంటి ప్రక్రియల వల్ల పుట్టినది, వాటివల్లనే నయమయ్యేది. ముగింపు దగ్గర రెండు ప్రయత్నాలు ఒకే సమయంలో జరుగుతాయి. ఒక పక్షం మంత్రగాళ్లను అడ్డుకోవడానికి వెళుతుంది. ఇంకొక పక్షం పిల్ల పక్కన కూర్చుని వైద్యశాస్త్రం ప్రకారం చికిత్స చేస్తుంది. పిల్ల బతుకుతుంది. ఎవరి వల్ల బతికిందన్నది పాఠకుడి నిర్ణయానికి వదిలేస్తుంది నవల.

విమర్శనాత్మకంగా చూస్తే ఈ నిర్మాణం సాంకేతికంగా చాలా కష్టమైన పని. ఒక్క సంఘటన ఏదైనా ఒక వివరణకు పూర్తిగా లొంగిపోతే రెండోది కూలిపోతుంది. వారంవారం రాస్తూ, రాసిన విడతను వెనక్కు తీసుకునే వీలు లేకుండా ఆ తూకం నిలపడం సామాన్యమైన నేర్పు కాదు. అదే సమయంలో ఆ తూకం నిజంగా సమానమా అన్న ప్రశ్న న్యాయమైనది. వైద్యుడి వాదన మాటల్లో ఉంటుంది. మంత్రగాడి వాదన దృశ్యాల్లో ఉంటుంది. పుస్తకం మూశాక పాఠకుడికి గుర్తుండేది దృశ్యం. ఈ వ్యాసకర్త అంచనాలో నవల చుట్టూ చెలరేగిన వివాదానికి మూలం ఈ అసమానతే.

తులసి

మొదటి నవల ఆదరణ తరవాత వచ్చిన కొనసాగింపు ‘తులసి’. మొదటి భాగంలో ఓడిన మంత్రగాళ్ల పగ దీనికి ప్రారంభం. ఇందులో ‘కాష్మోరా’ అనే శక్తిని నిద్రలేపి ప్రయోగించడం ప్రధాన వస్తువు. వైద్యం, మంత్రం మధ్య తూకం ఈ భాగంలో బాగా సడలింది. అతీంద్రియ శక్తి ఉన్నదన్న ఊహ మీదే కథ సాగుతుంది. ఉత్కంఠ రెట్టింపయింది. సందేహం తగ్గింది. కొనసాగింపు నవలల్లో తరచూ జరిగేదే ఇక్కడా జరిగింది. అయినా తెలుగు వాడుకలోకి ఒక కొత్త మాటను తెచ్చింది మాత్రం ఈ రెండో నవలే. ‘కాష్మోరా’ అన్న పేరు వినగానే నవల చదవని తెలుగువారికి కూడా భయంకరమైనదేదో స్ఫురిస్తుంది.

చిత్రరూపాలు

మొదటి రూపాంతరం తెలుగులో కాక కన్నడంలో రావడం విశేషం. యండమూరి నవలలు కన్నడంలోకి అనువాదమై అక్కడా విస్తారమైన పాఠకులను సంపాదించుకున్నాయి. వేమగల్ జగన్నాథరావు దర్శకత్వంలో 1985లో ‘తులసీదళ’ విడుదలైంది. శరత్‌బాబు, ఆరతి ప్రధాన పాత్రలు ధరించారు. కన్నడ భయానక చిత్రాల చరిత్రలో దీని పేరు తప్పక ప్రస్తావనకు వస్తుంది. యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’ ఆధారంగా సునీల్‌కుమార్ దేశాయ్ 1995లో తీసిన ‘బెళదింగళ బాలె’ కూడా కన్నడంలో పేరుపొందింది. తెలుగు ధారావాహిక పొరుగు భాషలో సొంత రచనలా స్థిరపడడానికి ఇవి రెండూ మంచి ఉదాహరణలు.

తెలుగులో ‘తులసి’ ఆధారంగా ‘కాష్మోరా’ 1986లో వచ్చింది. ఎన్.బి. చక్రవర్తి దర్శకుడు. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియ, శరత్‌బాబు నటించారు. సంగీతం చక్రవర్తి. హాస్య కథానాయకుడిగా స్థిరపడుతున్న రాజేంద్రప్రసాద్ ఇలాంటి చిత్రంలో కనిపించడం నాటి ప్రేక్షకులకు కొత్త. నవల పేరును కాక నవలలోని శక్తి పేరును చిత్రానికి పెట్టడం కూడా గమనించదగ్గది. అప్పటికే ఆ మాట టిక్కెట్టు అమ్మగల స్థితికి చేరిందని దాన్నిబట్టి తెలుస్తుంది.

నవల తెరకెక్కినప్పుడు పోయేదేమిటో ఈ చిత్రాలు చూపిస్తాయి. వారం గడువు పోతుంది. నవలా పాఠకుడు ఏడు రోజులు భయపడ్డాడు, పక్కింటివారితో వాదించాడు, చేతబడా జబ్బా అని తేల్చుకోలేకపోయాడు. రెండున్నర గంటల చిత్రంలో ఆ సందేహానికి చోటు ఉండదు. కెమెరా చూపించినది జరిగినట్టే. పుటల మీద అనుమానంగా నిలిచినది తెరమీద నిర్ధారణ అవుతుంది.

హిందీలో రామ్‌గోపాల్ వర్మ 2008లో తీసిన ‘ఫూంక్’ను ఈ సందర్భంలో ప్రస్తావించడం పరిపాటి. దైవాన్నీ మంత్రాన్నీ నమ్మని తండ్రి, అంతుచిక్కని బాధకు గురైన చిన్న కూతురు, పగతో చేతబడి చేయించే మనుషులు అన్న అమరిక ‘తులసిదళం’ పాఠకులకు వెంటనే తెలిసిపోతుంది. ఆ పోలికల మీద చర్చ జరిగింది. ‘ఫూంక్’ తెలుగులో జగపతిబాబు నటించిన ‘రక్ష’గా అదే సంవత్సరం వచ్చింది. 2010లో ‘ఫూంక్ 2’ విడుదలైంది. వర్మ అంతకుముందే ‘రాత్రి’ (1992), ‘దెయ్యం’ (1996) తీసినవాడు. విజయవాడలో చదువుకున్న దర్శకుడు హిందీలో తీసిన కథ మళ్లీ తెలుగుకు తిరిగిరావడం ఈ ఇతివృత్తం ప్రయాణంలో ఒక మలుపు.

టెలివిజన్ కాలంలో వారపత్రిక పనిని రోజువారీ, వారంవారీ ధారావాహికలు తీసుకున్నాయి. 1990ల చివర ఈటీవీలో వచ్చిన ‘అన్వేషిత’ భయానక ధారావాహికగా ప్రాచుర్యం పొందింది. తమిళంలో ఇందిరా సౌందరరాజన్ రచనల ఆధారంగా నాగా రూపొందించిన ‘మర్మదేశం’ ఇదే కాలానిది. విశ్వాసమా విజ్ఞానమా అన్న ప్రశ్నను చివరిదాకా తేల్చకుండా నడపడంలో ఇందిరా సౌందరరాజన్ పద్ధతికీ ‘తులసిదళం’ పద్ధతికీ పోలిక ఉంది.

విమర్శ, వివాదం

ముప్పాళ రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయిదమ్ము’ పేరుతో చేసిన విమర్శ ఈ చర్చలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది. శాస్త్రీయత అనే పైపూతతో మూఢనమ్మకాన్ని పాఠకుడి చేత మింగిస్తున్నదన్నది ఆమె అభియోగ సారాంశం. వారపత్రిక ధారావాహిక శక్తిని స్వయంగా ఎరిగిన నవలాకారిణి చేసిన విమర్శ కావడం వల్ల దానికి బరువు ఎక్కువ. బయటి పండితుడు జనప్రియ సాహిత్యాన్ని తీసిపారేయడం వంటిది కాదది. లక్షలమంది చదివే చోట ఏం రాస్తున్నామన్న బాధ్యతను అదే రంగంలో ఉన్న తోటి రచయితకు గుర్తుచేయడం.

ఎదుటి పక్షం వాదనలు స్థూలంగా మూడు. ఉత్కంఠ నవల వినోదం కోసం, విజ్ఞానబోధ కోసం కాదు. పాఠకుడు కల్పనను కల్పనగానే చదువుతాడు. నవలలోనే శాస్త్రీయ వివరణ ఉంది గనుక మూఢనమ్మకాన్ని ప్రచారం చేసిందనడం సరికాదు. ఈ మూడింటిలో చివరిది కొంత నిలబడుతుంది. రెండోది మాత్రం బాణామతి, చిల్లంగి నెపాన మనుషుల మీద దాడులు జరుగుతున్న కాలంలో, ప్రాంతంలో అంత తేలికగా ఒప్పుకోదగినది కాదు.

హేతువాద సంస్థలు ఇదే కాలంలో క్షేత్రస్థాయిలో పనిచేశాయి. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ప్రారంభించి 1947లో విజయవాడకు మార్చిన నాస్తిక కేంద్రం వైద్యులతో కలిసి పల్లెల్లో బాణామతి భయాన్ని పోగొట్టే కార్యక్రమాలు నిర్వహించింది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక మంత్రగాళ్ల ‘మహిమల’ వెనుక ఉన్న రసాయనాలను, హస్తలాఘవాన్ని ఊరూరా ప్రదర్శించి చూపింది. నిమ్మకాయ కోస్తే రక్తం కారడం, నీళ్లు చల్లితే మంట పుట్టడం వంటివి అందరి ముందు చేసి, ఎలా చేశారో చెప్పేవారు. (చూ. జన విజ్ఞాన వేదిక, నాస్తిక కేంద్రం)

చోడవరం పరిసరాలు: మైదానం, మన్యం, చిల్లంగి

క్షుద్ర నవల చదివిన అనుభవం అన్ని చోట్లా ఒకటి కాదు. హైదరాబాదు పాఠకుడికి చేతబడి దూరపు విషయం. ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలోని చోడవరం పాఠకుడికి అలా కాదు. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో భాగమైన ఈ పట్టణం చెరకు పండించి బెల్లం వండే మైదానానికీ తూర్పు కనుమలకూ మధ్య ఉంది. పక్కనున్న గోవాడలో సహకార చక్కెర కర్మాగారం. ఇంకొక వైపు మాడుగుల దాటితే పాడేరు కొండలు మొదలవుతాయి. కొండవాళ్లు సంతకు దిగివస్తారు, మైదానం వర్తకులు కొండకెక్కుతారు. రెండు లోకాల మధ్య సరుకుతో పాటు భయాలు కూడా మారకమవుతాయి. మైదానం ఊళ్లలో జబ్బు తగ్గకపోతే ‘కొండవాళ్లు చేశారేమో’ అన్న మాట పాతది.

‘తులసిదళం’ మంత్రవిద్య మూలాలను ఒడిశా, బిహారు కొండజాతుల మధ్య నిలిపింది. కథకు కావలసిన దూరం, వింత దానివల్ల వచ్చాయి. కాని గిరిజనుడంటే మంత్రగాడన్న మైదానపు అపోహకు అది అచ్చులో ఊతమిచ్చిందన్న అభ్యంతరం బలమైనది. విశాఖ మన్యంలో దిసారి ముహూర్తాలు పెట్టి, పండగలు నడిపి, రోగికి ధైర్యం చెప్పే పెద్ద. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ఎజ్జోడిది అటువంటి స్థానమే. వీరు చేసేది కీడు కాదు, కీడును తొలగించే పని. జనప్రియ నవలలో, ఆపైన సినిమాలో కీడు తొలగించే పెద్దకూ కీడు చేసే మంత్రగాడికీ మధ్య తేడా చెరిగిపోయి కపాలాల మాల వేసుకున్న ఒకే ఒక్క కొండ మాంత్రికుడు మిగిలాడు.

చిల్లంగి నమ్మకానికి ఎక్కువగా బలైనది కూడా మన్యం ప్రజలే. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో సొంత ఊరివాళ్లు, ఒక్కోసారి సొంత బంధువులు చేసిన దాడులు, హత్యలు ఉమ్మడి విశాఖ జిల్లా మన్యం నుంచి అనేకసార్లు వార్తలకెక్కాయి. మలేరియా, రక్తహీనత, కలుషిత నీటివల్ల వచ్చే జబ్బులు ఎక్కువగా ఉండి, ఆసుపత్రి దూరంగా ఉన్న చోట చావుకు కారణం వెతకడం పొరుగువాడి మీద అనుమానంతో మొదలవుతుంది. నవలలో చేతబడి చేసినవాడు దొరుకుతాడు. ఊళ్లో దొరికేవారు సాధారణంగా ఒంటరి ముసలివాళ్లు, వితంతువులు, ఎవరితోనో భూమి తగాదా ఉన్నవాళ్లు. ఈ వాస్తవాన్ని చెప్పకుండా క్షుద్ర నవల గురించి ఏ పరిచయమూ పూర్తికాదు. (చూ. చిల్లంగి, దిసారి, ఎజ్జోడు)

జపాన్ లైట్ నవలతో పోలిక

జపాన్‌లో లైట్ నవల అంటే కౌమార, యువ పాఠకుల కోసం వేగంగా చదివించే శైలిలో, మాంగా తరహా బొమ్మలతో, జేబులో పట్టే బుంకో పరిమాణంలో వచ్చే నవల. చాలావరకు సంపుటాల వరసగా సాగుతుంది. అతీంద్రియ శాఖలో కౌహెయ్ కదోనో రాసిన ‘బూగీపాప్’ వరస ప్రసిద్ధం. కౌజి ఒగాతా బొమ్మలతో మొదటి సంపుటం 1998లో దెంగెకి బుంకో ముద్రగా వచ్చింది. పాఠశాల విద్యార్థుల మధ్య తిరిగే మృత్యుదేవత వదంతి దాని వస్తువు. 2000లో నటులతో తీసిన చిత్రం, టెలివిజన్ యానిమే రెండూ వెలువడ్డాయి. 2019లో ఇంకొక యానిమే వచ్చింది. యాషిచిరో తకహాషి రాసిన ‘షకుగన్ నో షానా’ 2002లో మొదలై అదే దారిలో యానిమేగా విస్తరించింది.

పోలిక వస్తువులో కంటే నిర్మాణంలో ఎక్కువ. రెండు చోట్లా అద్భుతం నేటి ఊళ్లో, నేటి ఇంట్లో జరుగుతుంది. రెండు చోట్లా విడత, సంపుటం ఉత్కంఠ బిందువు దగ్గర ఆగుతాయి. రెండు చోట్లా బొమ్మ పాత్రకు ముఖాన్ని ఇస్తుంది. భేదం వ్యాపార పద్ధతిలో ఉంది. జపాన్‌లో నవల, మాంగా, యానిమే, ఆటలు, సంగీతం ఒకే ప్రచురణ సంస్థ ప్రణాళికలో కలిసి నడుస్తాయి. దాన్ని మీడియా మిక్స్ అంటారు. తెలుగులో పత్రిక, పుస్తక ప్రచురణకర్త, చిత్ర నిర్మాత ముగ్గురూ వేర్వేరు. ఒక నవల పేరు తెచ్చుకున్నాక నిర్మాత హక్కులు కొంటాడు. అందువల్ల ‘తులసిదళం’ లోకం వరస చిత్రాలుగా, బొమ్మల కథలుగా, యానిమేషన్‌గా పెరగలేదు. పాఠకుడి వయసు కూడా వేరు. లైట్ నవల కౌమారులకు ఉద్దేశించినది. వారపత్రిక ధారావాహిక ఇంటిల్లిపాదికీ ఉద్దేశించినది, ఒకే ప్రతి చేతులు మారుతూ తాత నుంచి మనవరాలి దాకా చేరినది.

అనంతర ప్రభావం

‘ఆంధ్రభూమి’ విజయం తరవాత ఉత్కంఠ, క్షుద్ర ధారావాహికల కోసం పత్రికలు పోటీపడ్డాయి. 1984లో మొదలైన ‘స్వాతి’ వారపత్రిక కూడా జనప్రియ ధారావాహికకు పెద్ద వేదికయింది. 1990ల చివరికి టెలివిజన్ ఈ పాఠకులను తీసుకుపోయింది. అద్దె పుస్తకాల దుకాణాలు వీడియో క్యాసెట్ల దుకాణాలయ్యాయి, తరవాత అవీ మూతపడ్డాయి. కరోనా కాలంలో, 2020లో, ‘ఆంధ్రభూమి’ ముద్రణ ఆగిపోయింది.

వస్తువు మాత్రం తెరమీద బతికింది. కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ (1995), ‘అరుంధతి’ (2009) మంత్రగాడిని ప్రతినాయకుడిగా నిలిపి ఘనవిజయం సాధించాయి. అనిల్ విశ్వనాథ్ ‘మా ఊరి పొలిమేర’ (2021), దాని రెండో భాగం (2023) చేతబడిని ఊరి నేర కథలో కలిపాయి. కార్తీక్ దండు ‘విరూపాక్ష’ (2023) చేతబడి అనుమానంతో ఊరు చేసిన హత్యనే కథకు మూలంగా తీసుకుంది. నమ్మకం, నేరం, లాభం అన్న మూడు ముక్కలను ఒక ముడిలో బిగించే పద్ధతి ‘తులసిదళం’ చదువరులకు సుపరిచితం.

పేరు పోలికలు

కింది చిత్రాలకు పై నవలలతో కథాసంబంధం లేదు. 2007లో బోయపాటి శ్రీను దర్శకత్వంలో వెంకటేశ్ నటించిన ‘తులసి’ కుటుంబ నేపథ్యం గల పోరాట చిత్రం. 2016లో ఆర్.పి. పట్నాయక్ ‘తులసీదళం’ పేరుతో ఒక భయానక చిత్రాన్ని తీశాడు. అదే సంవత్సరం గోకుల్ దర్శకత్వంలో కార్తి, నయనతార నటించిన తమిళ చిత్రం తెలుగులోనూ ‘కాష్మోరా’ పేరుతో విడుదలైంది. అందులో కాష్మోరా దొంగ మంత్రగాడి పేరు. తెలుగు వారపత్రికలో ఒక భీకర శక్తికి పెట్టిన పేరు ముప్పై ఏళ్ల తరవాత తమిళంలో, దెయ్యాల పేరు చెప్పి డబ్బు గుంజే మోసగాడికి దక్కింది.